సంతకాల మర్నాడు

చరిత్ర పుస్తకం ఏది తెరిచినా ఫలానా యుద్ధం ఎప్పుడు మొదలైందీ, సంధి ఎప్పుడు కుదిరిందీ తేదీలతో సహా వుంటుంది. చిన్నప్పుడు బళ్ళో మనమంతా బట్టీ పట్టినవి అవే. ఫలానా వూళ్ళో పెద్దలు సమావేశమై సంతకాలు చేశారు, దానితో యుద్ధం ముగిసింది అని ఒక్క వాక్యం వ్రాసి పాఠం ముగించేస్తారు. మరి ఆ సంతకాల మర్నాడు ఏం జరిగింది? నిన్నటిదాకా తుపాకులు భుజాన వేసుకు తిరిగిన కుర్రాళ్ళు ఎక్కడికి పోయారు? ఇల్లు తగలబెట్టినవాడూ, ఇల్లు పోగొట్టుకున్నవాడూ మళ్ళీ ఒకే వీధిలో ఎలా కాపురం చేశారు? ఈ సంగతులు పాఠంలో కనిపించవు. ఆలోచించి చూస్తే శాంతి నిలిచేదీ, కూలేదీ ఆ మర్నాటి పనులను బట్టే.

ఈ విషయం తెలుసుకోవడానికి లైబీరియా దేశపు కథ బాగా పనికివస్తుంది. ఆఫ్రికా ఖండంలో పడమటి సముద్రతీరాన వున్న చిన్న దేశం అది. యుద్ధకాలం నాటికి జనాభా ముప్ఫై లక్షలకు అటూ ఇటూ. అక్కడివారికీ మనలాగే వరి అన్నమే ప్రధానాహారం. అమెరికాలో బానిసత్వం నుంచి విడుదలైన నల్లవారిని కొందరిని అక్కడి ఒక సంఘంవారు ఓడలెక్కించి, 1822 నుంచి ఈ తీరంలో స్థిరపరుస్తూ వచ్చారు. వారు 1847లో స్వతంత్ర రాజ్యాన్ని ప్రకటించుకున్నారు. రాజధాని మన్రోవియాకు ఆ పేరు అమెరికా ప్రెసిడెంటు మన్రో పేరు మీదుగా వచ్చిందే. విచారించవలసిన విషయం ఏమిటంటే, బానిసత్వపు బాధ ఎరిగినవారి సంతతే ఆ నేల మీద ముందునుంచీ వున్న తెగలవారిని చిన్నచూపు చూసింది. కొద్ది కుటుంబాలవారు నూట ముప్ఫై ఏళ్ళకు పైగా అధికారాన్ని తమ గుప్పిట్లో వుంచుకున్నారు. స్థానిక తెగలవారికి చాలాకాలం ఓటు హక్కు కూడా లేదు. రబ్బరు తోటలూ, ఇనుప గనులూ ఎంత సంపద కురిపించినా అది పల్లెల గడప తొక్కలేదు.

కడుపులో దాచుకున్న కోపం చివరికి బియ్యం దగ్గర బయటపడింది. 1979లో ప్రభుత్వం బియ్యం ధర పెంచాలని తలపెట్టింది. ఏప్రిల్ 14న మన్రోవియా వీధుల్లోకి జనం వచ్చారు, పోలీసులు కాల్పులు జరిపారు, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1980 ఏప్రిల్ 12న, శామ్యూల్ డో అనే సార్జంటు కొందరు సిపాయిలతో కలిసి ప్రెసిడెంటు టాల్బర్టును చంపి గద్దె ఎక్కాడు. పది రోజుల తరువాత 13 మంది పెద్ద పదవుల్లోని వారిని సముద్రపు ఒడ్డున కాల్చి చంపారు. తెగలవాడు రాజయ్యాడు గనుక అందరికీ మేలు జరుగుతుందని ఆశపడ్డవారికి ఆ ఆశ ఎక్కువకాలం నిలవలేదు. డో తన తెగవారిని దగ్గరకు తీశాడు, నింబా అనే ప్రాంతంలోని తెగలవారి మీద సైన్యాన్ని తోలాడు. 1989 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజున, చార్లెస్ టేలర్ అనే నాయకుడు సాయుధ దళంతో సరిహద్దు దాటి అదే నింబాలో అడుగుపెట్టాడు. అప్పటికే మండుతున్నవారు వెంటనే అతని వెనక చేరారు.

తరువాతి కథ చెప్పడానికి నోరు రాదు. 1990 జూలైలో మన్రోవియాలోని లూథరన్ చర్చిలో తలదాచుకున్న జనం మీద డో సైనికులు రాత్రివేళ పడి ఇంచుమించు 600 మందిని చంపారు. ఆ సెప్టెంబరులో డో కూడా తిరుగుబాటుదారుల చేతుల్లోనే చచ్చాడు. ఇరుగుపొరుగు దేశాలు తమ సైన్యాలను పంపినా ఫలితం అంతంతమాత్రమే. ఒక ముఠా రెండయింది, రెండు నాలుగయ్యాయి. అన్నిటిలోకీ ఘోరం, పదేళ్ళ పిల్లలకు మత్తుపదార్థాలు తినిపించి చేతికి తుపాకి ఇవ్వడం.

ఇక సంధి ఒప్పందాలంటారా, వాటికి లోటు లేదు. యమూసుక్రోలో ఒకటి, కోటనూలో ఒకటి, అకొసొంబోలో ఒకటి, అబూజాలో రెండు, ఇలా మొదటి యుద్ధం సాగిన ఏడేళ్ళలో డజనుకు పైగా కుదిరాయి. ప్రతిసారీ దండలు, కరచాలనాలు, ఫొటోలు! కొద్ది నెలలకే మళ్ళీ కాల్పులు. ఎందుకలా జరిగిందని చూస్తే ఆ ఒప్పందాల్లో ముఖ్యంగా తేల్చుకున్నది తుపాకి వున్నవారిలో ఎవరికి ఏ పదవి అన్న సంగతి. 1995లో ముఠా నాయకులనే రాజ్యాంగ మండలిలో సభ్యులుగా కూర్చోబెట్టారు. 1996 ఏప్రిల్‌లో ఆ నాయకుల మనుషులే రాజధాని వీధుల్లో కొట్టుకుని వూరిని దోచేశారు. తుపాకి పట్టుకుంటే పదవి దొరుకుతుందని అందరూ నేర్చుకున్నాక ఎవరు మాత్రం దింపుతారు?

ఆ రోజుల్లోనే కొందరు స్త్రీలు ఒక ముక్క చెప్పారు. మేరీ బ్రౌనెల్ అనే పంతులమ్మ ముందుండి నడిపిన ఒక మహిళా సంఘం 1994 నుంచీ ఒకటే పాట పాడింది. ముందు ఆయుధాలు పూర్తిగా అప్పగించాలి, ఆ తరువాతే ఎన్నికలు అని. సంధి సమావేశాలకు పిలుపు లేకపోయినా ఈ స్త్రీలు వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డారు. 1996లో రూత్ పెర్రీ అనే ఆమెను తాత్కాలిక ప్రభుత్వానికి అధ్యక్షురాలిగా నియమించారు కూడా. అయినా పని సగంలోనే వదిలేశారు. 1997 జూలైలో ఎన్నికలు పెట్టారు. నూటికి 75 ఓట్లు చార్లెస్ టేలర్‌కే వచ్చాయి. ప్రేమతో వేసిన ఓట్లు కావవి. ఇతను ఓడిపోతే మళ్ళీ అడవిలోకి పోయి యుద్ధం మొదలుపెడతాడని జనం భయపడ్డారు. మా అమ్మానాన్నలను చంపినవాడని తెలిసినా వోటు వేస్తున్నామని బాహాటంగానే చెప్పుకున్నారు. గెలిచిన తరువాత టేలర్, సైన్యాన్ని కొత్తగా తీర్చిదిద్దాలన్న షరతును పక్కకు నెట్టి తన మనుషులనే అందులో నింపాడు. రెండేళ్ళు తిరగకుండా, 1999లో, ఉత్తరం నుంచి కొత్త తిరుగుబాటు దళం బయలుదేరింది. 2003లో ఆగ్నేయం నుంచి ఇంకొకటి.

అమ్మలారా, ఇదంతా ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, అసలైన కథ ఇక్కడే మొదలవుతుంది. యుద్ధం వచ్చేనాటికి లేమా గ్బోవీ అనే అమ్మాయికి 17 ఏళ్ళు. చదువు ఆగిపోయింది, కాందిశీకురాలై పరాయిదేశంలో పిల్లలతో పడరాని పాట్లు పడింది. తిరిగి వచ్చాక, యుద్ధంలో మనసు చెదిరిన వారికి స్వస్థత చేకూర్చే పనిలో లూథరన్ చర్చి తరఫున కుదిరింది. ఆమె దగ్గరకు వచ్చినవారిలో ఒకప్పుడు తుపాకి పట్టిన పిల్లలు కూడా వున్నారు. ఆ పిల్లలను చూసీ, వాళ్ళ మాటలు వినీ ఆమెకు ఒకటి తోచింది. ఈ దేశంలో ఏదైనా మార్పు వస్తే అది తల్లుల వల్లనే రావాలి అని. పడమటి ఆఫ్రికాలో అప్పటికే పనిచేస్తున్న ఒక శాంతి సంస్థలో స్త్రీల విభాగం ఏర్పడితే, లైబీరియాలో దాని బాధ్యత ఈమె తీసుకుంది. 600 మంది చనిపోయిన ఆ చర్చిలోనే స్త్రీలు కూడి ప్రార్థనలు మొదలుపెట్టారు.

ఒకనాటి సభలో అసాటు బా కెన్నెత్ అనే ఆమె లేచి నిలబడింది. ఆమె పోలీసు ఉద్యోగి, మతం ఇస్లాం. ఇంతమందిలో ముస్లిమును నేనొక్కతెనే, మా వాళ్ళను కూడా తీసుకువస్తానని చెప్పింది. క్రైస్తవ స్త్రీలలో కొందరు మొదట జంకారు, కలిసి ప్రార్థిస్తే విశ్వాసానికి భంగమేమో అని. తుపాకి గుండు మతం అడిగి తగలడం లేదు కదా అన్న జవాబు వచ్చేసరికి ఎవరూ మాట్లాడలేకపోయారు. ఇక అప్పటినుంచి ఇరువురూ కలిసే నడిచారు. శుక్రవారం మధ్యాహ్నం మసీదుల దగ్గరకు, శనివారం బజార్లకు, ఆదివారం చర్చిలకు వెళ్ళారు. కరపత్రాలు పంచారు. చదువురాని వారికోసం వాటిమీద బొమ్మలు వేయించారు. ప్రచారం ఎలా చేయాలో ఎవరూ వీళ్ళకు నేర్పలేదు. కూరలమ్మే మనిషి ఏ రోజున ఎక్కడ దొరుకుతుందో సాటి ఆడదానికి తెలియనిది కాదు గదా!

2003 ఏప్రిల్‌లో తిరుగుబాటు దళాలు రాజధానికి దగ్గరయ్యాయి. అప్పుడు స్త్రీలు మన్రోవియాలో చేపల బజారు పక్కనున్న మైదానంలో బైఠాయించారు. ఆ స్థలాన్ని ఎంచుకోవడంలో తెలివి వుంది. ప్రెసిడెంటు టేలర్ రాకపోకలు సాగించే పెద్ద రోడ్డు అదే. కార్లు దూసుకుపోయేటప్పుడు వాళ్ళను చూడక తప్పదు. అందరూ తెల్లని బట్టలే కట్టారు, తలకు తెల్లగుడ్డ చుట్టుకున్నారు. నగ లేదు, అలంకారం లేదు. మన దేశంలో ఆడవాళ్ళ తెలుపుకు వేరే అర్థం చెప్పుకుంటారు గాని, అక్కడ వాళ్ళు దాన్ని శాంతికి గుర్తుగా ధరించారు. భాగ్యవంతురాలు ఎవరో, రోజుకూలి చేసుకునేది ఎవరో పోల్చుకోవడానికి వీలులేకుండా పోయింది. మండే ఎండలోనూ, కుండపోత వానలోనూ రోజుల తరబడి కదలలేదు. అడిగినవల్లా మూడే. తక్షణం కాల్పులు ఆపాలి, ఇరుపక్షాలూ కూర్చుని మాట్లాడుకోవాలి, శాంతి కాపాడడానికి బయటి దేశాల సైన్యం రావాలి.

ఇంకో విశేషం కూడా చెప్పుకోవాలి. యుద్ధం ఆగేదాకా భర్తలతో పడక వేరు చేసుకుంటామని ఆ స్త్రీలు ప్రకటించారు. ప్రపంచంలోని పత్రికలన్నీ దీన్నే పట్టుకున్నాయి. దానివల్ల ఒరిగింది పెద్దగా లేదని, నలుగురి చెవినా పడడానికి మాత్రం ఉపకరించిందని తరువాత గ్బోవీయే చెప్పింది. ఇంటింటా మగవాడు, మా ఆడవాళ్ళు ఎందుకిలా చేస్తున్నారని ఒక్కసారైనా ఆలోచించాడట. అది మాత్రం తక్కువ లాభమా? చివరకు ఏప్రిల్ 23న టేలర్ వీళ్ళకు దర్శనం ఇవ్వక తప్పలేదు. గ్బోవీ అందరి ఎదుటా విన్నపం చదివింది. సంధి చర్చలకు వెళ్తానని ఆయన ఒప్పుకున్నాడు.

ఒక పక్షం ఒప్పుకుంటే సరిపోదు. అందుకని చందాలు పోగుచేసి కొందరు స్త్రీలను పొరుగున వున్న సియర్రా లియోన్‌కు పంపారు. తిరుగుబాటు నాయకులు బసచేసిన హోటలు ముందు వాళ్ళు బారులు తీరారు. అమ్మలాంటి వాళ్ళు వచ్చి కూర్చుంటే కాదనడం వారికీ కష్టమైంది. జూన్ 4న ఘనా దేశంలో చర్చలు మొదలయ్యాయి. సరిగ్గా ఆనాడే, సియర్రా లియోన్ యుద్ధంలో చేసిన నేరాలకు టేలర్ మీద అక్కడి ప్రత్యేక న్యాయస్థానం మోపిన అభియోగాన్ని బయటపెట్టారు. ఆయన వెంటనే విమానం ఎక్కి స్వదేశం చేరుకున్నాడు. ఆయన మనుషులూ, తిరుగుబాటు వర్గాలూ చర్చల్లో మిగిలారు. మంచి హోటలు, మూడు పూటలా భోజనం, చల్లని గదులు. ఎవరికి ఏ మంత్రిపదవి అన్న బేరాలతో వారాలు గడిచాయి. అవతల మన్రోవియాలో ఫిరంగి గుళ్ళు ఇళ్ళమీద పడుతున్నాయి, తాగడానికి నీళ్ళు లేవు.

జూలై 21న రాజధానిలో కాందిశీకులు తలదాచుకున్న చోట గుళ్ళు పడి చాలామంది చనిపోయారని వార్త వచ్చింది. ఆనాడు ఆ స్త్రీలు, బుడుబురాం శిబిరంలో వున్న లైబీరియా కాందిశీక స్త్రీలను కూడా వెంటబెట్టుకుని, చర్చలు జరిగే హాలు గుమ్మానికి అడ్డంగా చేతులు పెనవేసుకుని కూర్చున్నారు. ఒప్పందం కుదిరేదాకా లోపలివాళ్ళు బయటికి రాకూడదు, అన్నం నీళ్ళు లోపలికి పోకూడదు! భటులు వచ్చి అరెస్టు చేస్తామన్నారు. గ్బోవీ తన తలగుడ్డ తీసి, ఒంటిమీద బట్టలు కూడా తీసేస్తానని లేచింది. పడమటి ఆఫ్రికాలో తల్లి వయసు స్త్రీ తనంత తాను వివస్త్ర కావడం చూసినవాడికి ఘోరమైన శాపం తగులుతుందని నమ్మకం. భటులు వెనక్కి తగ్గారు. మధ్యవర్తిగా వున్న నైజీరియా మాజీ దేశాధినేత జనరల్ అబ్దుల్ సలామీ అబూబకర్ బయటికి వచ్చి స్త్రీలతో మాట్లాడారు. ఆడవాళ్ళను దాటుకుని పోవాలని చూసిన ఒక నాయకుణ్ణి ఆయనే గద్దించి లోపల కూర్చోబెట్టారు. ఇకనుంచి చర్చలకు అందరూ సరిగ్గా హాజరు కావాలని, ఆడవాళ్ళను దూషించరాదని ఒప్పించుకుని గాని వాళ్ళు లేవలేదు.

ఆగస్టు 11న టేలర్ పదవి వదిలి నైజీరియాకు వెళ్ళిపోయాడు. ఆగస్టు 18న ఆక్రాలో సంధి మీద సంతకాలయ్యాయి. అయితే ఇదంతా స్త్రీలు గుమ్మంలో కూర్చున్నందువల్లనే జరిగిందని చెప్పడం సబబు కాదు. తిరుగుబాటు దళాలు రాజధానిని ముట్టడించాయి. వజ్రాలూ కలపా అమ్ముకుని ఆయుధాలు కొనకుండా ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టింది. న్యాయస్థానం అభియోగం మెడకు చుట్టుకుంది. పడమటి ఆఫ్రికా సైనికులు వచ్చి దిగారు, అమెరికా యుద్ధనౌకలు తీరంలో నిలిచాయి. ఇన్ని బలాలు కలిస్తేనే టేలర్ కదిలాడు. హాలు లోపల కూడా పొరుగుదేశాల స్త్రీలతో కలిసి ఏర్పడిన ఒక మహిళా సంఘంవారు ప్రతినిధులుగా వుండి, సాక్షి సంతకం చేశారు. మరి బయట కూర్చున్నవాళ్ళ వల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి? నాయకులు పదవులు లెక్కపెట్టుకుంటున్న చోట, చస్తున్నవారి లెక్క ఎవరూ మరిచిపోకుండా చేశారు. అన్నిటికంటె ముఖ్యం, సంధి కుదిరిన తరువాత ఇళ్ళకు వెళ్ళి పడుకోలేదు.

మొదటి పని ఆయుధాలు. ఐక్యరాజ్యసమితి 15,000 మంది సైనికులను పంపడానికి తీర్మానించింది. 2003 డిసెంబరు 7న మన్రోవియా బయట ఒక శిబిరంలో తుపాకులు తీసుకోవడం మొదలుపెట్టారు. తుపాకి అప్పగించినవాడికి రెండు వాయిదాల్లో 300 డాలర్లు ఇస్తామన్నారు. అనుకున్నదానికి ఎన్నో రెట్లు మంది వచ్చిపడ్డారు. డబ్బు దగ్గర రభస మొదలై, కాల్పుల దాకా వెళ్ళి ప్రాణాలు పోయాయి. పది రోజులకే ఆ పని ఆపేయవలసి వచ్చింది. స్త్రీలు ఇక్కడా కలగజేసుకున్నారు. వూళ్ళ వెంట తిరిగి, అప్పగింత ఎలా జరుగుతుందో, తరువాత ఏం దొరుకుతుందో కుర్రాళ్ళకు నచ్చజెప్పారు. అధికారులకు సలహాలు ఇచ్చారు. 2004 ఏప్రిల్‌లో తిరిగి మొదలైనప్పుడు మొదటి కంటె సజావుగా సాగింది. మొత్తం మీద లక్షమందికి పైగా యుద్ధవృత్తి వదిలినట్లు నమోదు చేసుకున్నారు. మేరీ బ్రౌనెల్ సంఘంవారు పదేళ్ళ క్రితం కోరిన ముక్క, ముందు ఆయుధాలు, తరువాత ఎన్నికలు, ఈసారి అమలు జరిగింది.

రెండో పని ఓట్లు. ఈసారి ఒప్పందంలో ఒక మంచి షరతు వుంది. తాత్కాలిక ప్రభుత్వంలో అధ్యక్షుడుగా, మంత్రులుగా వున్నవారు 2005 ఎన్నికల్లో నిలబడకూడదు. ఓటర్ల జాబితాలో పేర్లు వ్రాసుకునేటప్పుడు ఆడవాళ్ళు పలచగా వస్తున్నారని గమనించారు. ఎందుకు రావడం లేదని విచారిస్తే కారణం చాలా చిన్నది. కొట్టు వదిలిపోతే సరుకు ఎవరు చూస్తారు, చంటిపిల్లను ఎవరు పట్టుకుంటారు? శాంతి సంఘం స్త్రీలు బజారుకు వెళ్ళి, నువ్వు వెళ్ళి పేరు వ్రాయించుకురా, అందాకా మేము కూరలు అమ్మిపెడతాం, పిల్లను ఎత్తుకుంటామని కూర్చున్నారు. ఎంత చిన్న సాయం! జాబితా పూర్తయ్యేసరికి ఓటర్లలో సగంమంది స్త్రీలే. ఆ నవంబరులో జరిగిన రెండో విడత పోలింగులో ఎల్లెన్ జాన్సన్ సర్లీఫ్ నూటికి 59 ఓట్లతో గెలిచారు. 2006 జనవరి 16న ప్రమాణస్వీకారం చేశారు. ఆఫ్రికాలో ప్రజలెన్నుకున్న మొదటి మహిళా దేశాధ్యక్షురాలు ఆమె.

మూడో పని పోలీసులు. యుద్ధకాలంలో యూనిఫారం అంటే జనానికి హడలు, ముఖ్యంగా ఆడపిల్లలకు. ఇక్కడ మన భారతదేశపు పాత్ర వుంది. ఐక్యరాజ్యసమితి చరిత్రలోనే మొదటిసారిగా, పూర్తిగా స్త్రీలతో ఏర్పడిన పోలీసు దళం 2007 జనవరిలో మన్రోవియాలో దిగింది. మన కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన వందమందికి పైగా స్త్రీలు, సీమా ధుండియా అనే అధికారిణి నాయకత్వాన వెళ్ళారు. నీలి టోపీలు పెట్టుకుని రాత్రిపూట గస్తీ తిరిగారు, దేశాధ్యక్షురాలి కార్యాలయానికి కాపలా కాశారు. తీరిక వేళల్లో అక్కడి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పారు. ఏటేటా కొత్త బృందం వెళ్తూ, 2016 ఫిబ్రవరి దాకా ఈ సేవ కొనసాగింది. తుపాకి పట్టిన మనిషి తమను కాపాడడానికి కూడా వుంటాడని, ఆ మనిషి స్త్రీ కూడా కావచ్చునని లైబీరియా బాలికలు కళ్ళారా చూశారు. పోలీసుల్లో చేరడానికి చదువు చాలని అమ్మాయిలకు ప్రత్యేకంగా తరగతులు పెట్టి చదివించారు. ఆ దేశపు భద్రతా దళాల్లో స్త్రీలు నూటికి 6 వుండేవారు, మనవాళ్ళు తిరిగివచ్చేనాటికి నూటికి 17 అయ్యారు.

నాలుగో పని అన్నిటికంటె కనిపించనిది. పెద్ద యుద్ధాలు చిన్న తగవుల్లోంచే పుడతాయి. గట్టు జరిపాడనో, నా పొలంలో కాపురం పెట్టాడనో మొదలై తెగల కొట్లాటగా మారుతుంది. లైబీరియా పల్లెల్లో వెనుకటినుంచీ తగవులు తీర్చే రచ్చపాకలు వుండేవి. వాటిలో పెత్తనం మగవారిదే. యుద్ధానంతరం స్త్రీలు అదే పద్ధతిలో శాంతి కుటీరాలు నెలకొల్పుకున్నారు. భూమి తగాదా, ఆలుమగల గొడవ, బిడ్డను పోషించని తండ్రి, చెల్లించని అప్పు, ఇవన్నీ అక్కడ విచారిస్తారు. ఇరువైపులా చెప్పుకున్నదంతా ఓపిగ్గా వింటారు. హింసకు దారితీసేలా వుంటే పోలీసులకు కబురుపెడతారు. ఇంట్లో నలుగురు పిల్లల మధ్య రాజీ కుదిర్చే ప్రతి తల్లికీ ఈ విద్య కొంత తెలుసు. దానికి ఒక పాకా, ఒక గుర్తింపూ కల్పించడమే అక్కడివారు చేసిన గొప్పపని.

ఇన్నాళ్ళ శ్రమకు పరీక్షలు కూడా వచ్చాయి. 2014లో ఎబోలా మహమ్మారి వచ్చి లైబీరియాలో 4,800 మందిని పొట్టన పెట్టుకుంది. పూర్వమయితే అంతటి కల్లోలంలో తుపాకులు బయటికి వచ్చేవే, ఈసారి రాలేదు. 2018 జనవరిలో సర్లీఫ్ పదవీకాలం ముగించుకుని, జార్జి వియాకు అధికారం అప్పగించారు. ఎన్నికైన ఒక ప్రెసిడెంటు నుంచి ఎన్నికైన మరొకరికి ఆ దేశంలో శాంతియుతంగా అధికారం చేతులు మారడం 1944 తరువాత అదే మొదలు. ఆ మార్చిలో ఐక్యరాజ్యసమితి దళాలు పూర్తిగా వెళ్ళిపోయాయి. 2023 నవంబరులో వియా చాలా స్వల్ప తేడాతో జోసెఫ్ బొకాయ్ చేతిలో ఓడిపోయారు. తుది లెక్కలు ప్రకటించకముందే ఆయన పోటీదారుకు ఫోను చేసి అభినందించారు. ఒకప్పుడు ఓడితే అడవికి పోతాడేమోనన్న భయంతో ఓట్లు వేసిన దేశం అది! గ్బోవీ, సర్లీఫ్, యెమెన్‌కు చెందిన తవక్కుల్ కర్మాన్, ఈ ముగ్గురికీ కలిపి 2011లో నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు.

అంతా బాగుందని చెప్పి ముగిస్తే అది మీకు న్యాయం చేసినట్లు కాదు. పధ్నాలుగేళ్ళ రెండు యుద్ధాల్లో చనిపోయినవారు రెండు లక్షలకు పైనే వుంటారని అంచనా. అంతమంది ప్రాణాలకు లైబీరియాలో ఒక్కరి మీదనైనా యుద్ధనేరాల విచారణ జరగలేదు. టేలర్‌కు 2012లో 50 ఏళ్ళ శిక్ష పడింది గాని, అది సియర్రా లియోన్‌లో జరిగిన నేరాలకు. నిజనిర్ధారణ సంఘంవారు 2009లో నివేదిక సమర్పించి ప్రత్యేక న్యాయస్థానం కావాలన్నారు. ముఠా నాయకులుగా పేరుపడ్డవారు శాసనసభల్లోనే కూర్చున్న చోట ఆ కాగితాలు కదలలేదు. 2024 మే నెలలో గాని అలాంటి న్యాయస్థానం ఏర్పాటుకు ఒక కార్యాలయం నెలకొల్పుతూ ప్రెసిడెంటు బొకాయ్ ఉత్తర్వు జారీచేయలేదు. కొడుకును చంపినవాడు ఎదురింట్లో దర్జాగా తిరుగుతూ వుంటే ఏ తల్లి మనసు చల్లబడుతుంది? మర్నాటి పనుల్లో ఇది మిగిలిపోయిన పని. ఆ సంగతి అక్కడి స్త్రీలకు మనకంటె బాగా తెలుసు, అడుగుతూనే వున్నారు.

సోదరీమణులారా! ప్రపంచ శాంతి అనగానే అది రాజులూ మంత్రులూ చూసుకోవలసిన విషయం, వంటింట్లో వాళ్ళకు దానితో పనేమిటని మనలో చాలామంది అనుకుంటారు. లైబీరియాలో ఆ పని చేసినవారు కూరలమ్మేవారు, పంతులమ్మలు, కాందిశీక తల్లులు. శాంతికి ఎంత ఓపిక కావాలో, ఎన్ని చిన్న పనులు కావాలో వారి కథ చెబుతుంది. ఇకమీదట రేడియోలో ఫలానా దేశంలో సంధి కుదిరిందన్న వార్త విన్నప్పుడు సంతోషించండి. సంతోషించి వూరుకోకుండా కొన్ని ప్రశ్నలు కూడా వేసుకోండి. ఆ బల్ల దగ్గర తుపాకి లేనివారికి చోటు ఇచ్చారా? ఆయుధాలు ఎవరు, ఎప్పుడు తీసుకుంటారు? భయం లేకుండా ఓటు వేసే రోజు వస్తుందా? పల్లెలో తగవు వస్తే చెప్పుకునే చోటు వుందా? చనిపోయినవారి మాట ఎవరైనా విచారిస్తారా? వీటికి జవాబులు లేకపోతే ఆ కాగితం మీది సిరా ఆరకముందే మళ్ళీ కాల్పులు వినిపించవచ్చు. జవాబులు వుంటే, ఎంత చితికిన దేశమైనా మెల్లగా కోలుకుంటుంది.